జీర్ణోద్ధరణమున సత్యము

జీర్ణమైన దానిని ఉద్ధరించుట పుణ్యకార్యమని పెద్దలు చెప్పుదురు. శిథిలమైన మఠమును బాగుచేయించినవానిని, పూడిపోయిన బావిని త్రవ్వించినవానిని లోకము మెచ్చుకొనును. అఱిగిన కఱ్ఱును కమ్మరిచేత సాగగొట్టించుకొనుట, చిల్లిపడిన బిందెకు మాటు వేయించుకొనుట, చినిగిన బట్టకు మాసిక వేసికొనుట గృహస్థునకు లోపము కాదు, పొదుపరితనమునకు గుఱుతు. ఉన్నదానిని ఊఱక పాఱవేయువాడు భూమికిని, పాటుపడినవానికిని ఋణపడినవాడే.

అయితే ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. తన వస్తువును తాను బాగుచేసికొనువాని విషయమున చిక్కు లేదు. దాని లోటుపాట్లు వాడే భరించును. పాతవస్తువును బాగుచేసి యితరునకు అమ్మువాని సంగతి వేఱు. కొనువానికి పైభాగము కనబడును. లోపల మిగిలిన ఆయువు కనబడదు. అమ్మువానికి అది తెలియును, లేదా తెలిసికొను సాధనము వాని చేత నుండును. ఒకరికి కనబడి, మఱియొకరికి కనబడని ఆ చోట అమ్మువాని ధర్మమేమి?

కాయకమునకు బసవేశ్వరులు ఇచ్చిన స్థానమును ఈ పత్రిక చదువువారెల్లరు ఎఱుగుదురు. 12వ శతాబ్దమున కల్యాణమునందు పడవ నడుపు చౌడయ్యయు, కట్టెలమోపు మోయు మారయ్యయు, మంత్రిపదవియం దున్న బసవేశ్వరులును శరణులుగా ఒక్క పంక్తిలో కూర్చుండిరి. పని చిన్నది, పని పెద్దది అను భేదము అచ్చట లేదు. కాని ఆ సమత్వమును మాత్రమే చెప్పి ఊరకుండుట సగము చెప్పుట. శరణులు కోరినది సత్యశుద్ధ కాయకము. చెమట కార్చినంత మాత్రమున పని శుద్ధము కాదు. దొంగయు రాత్రియంతయు మేల్కొని కష్టపడును.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకన్న ఒక వస్తువును ఎదుట నుంచుకొని చర్చించుట మేలు. ఫోర్క్‌లిఫ్ట్ బండికి వాడు సీసపు బ్యాటరీ అట్టి వస్తువు. ఓడరేవులయందును, కర్మాగారములయందును, పెద్ద గోదాములయందును బరువైన పెట్టెలను రెండు ఇనుపకొమ్ములపై ఎత్తి వరుసలుగా పేర్చు బండియే ఫోర్క్‌లిఫ్ట్. కొన్ని డీజిలుతో నడచును, కొన్ని విద్యుత్తుతో నడచును. ఇటీవల లిథియం బ్యాటరీలు ప్రవేశించినను, సీసపు బ్యాటరీలు నేటికిని విరివిగా వాడుకలో నున్నవి. ఉక్కుతొట్టిలో అమర్చిన సెల్లుల వరుసయే ఆ బ్యాటరీ. ఒక్కొక్క సెల్లు రెండు వోల్టులు. 24 వోల్టుల దానికి 12 సెల్లులు, 48 వోల్టుల దానికి 24, 80 వోల్టుల దానికి 40 ఉండును. బరువు కొన్ని వందల కిలోల నుండి రెండు టన్నుల వఱకు ఉండవచ్చును. ఆ బరువునకును ప్రయోజనము కలదు. ముందు ఎత్తిన సరకునకు వెనుక ప్రతితూకమై నిలిచి, బండి ముందునకు ఒఱగకుండ అది కాపాడును. క్రొత్తది కొనుట చిన్న యజమానికి పెద్ద భారము. కావుననే బాగుచేసిన పాత బ్యాటరీలకు గిరాకి కలదు.

దాని లోపలి వ్యవహారము తెలిసినగాని ధర్మవిచారము సాగదు. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సుదేశీయుడైన గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. సెల్లునందు ఒక పలక సీసపు డయాక్సైడు, రెండవది మెత్తని సీసము. రెంటికిని నడుమ నీరు కలిసిన గంధకామ్లము. బ్యాటరీ పనిచేయునపుడు ఆమ్లములోని అంశము రెండు పలకలయందును చేరి అవి సీసపు సల్ఫేటుగా మాఱును; ఆమ్లము పలుచబడును. ఛార్జి పెట్టినపుడు ఆ సల్ఫేటు విడిపోయి పలకలు పూర్వరూపమును పొందును. ఆమ్లము మఱల చిక్కబడును. గ్రావిటీ అని మెకానిక్కులు పిలుచు ద్రవసాంద్రత పూర్తి ఛార్జిలో సుమారు 1.28 ఉండును, బాగుగా వాడిన పిమ్మట సుమారు 1.14కు దిగును. దానిని హైడ్రోమీటరుతో కొలుతురు.

ఈ బ్యాటరీకి ముసలితనము రెండు విధములుగా వచ్చును. ఛార్జి పెట్టక చాలకాలము వదలినచో పలకలపై నున్న మెత్తని సల్ఫేటు గట్టి స్ఫటికములై పేరుకొనును. ఇది మొదటిది. ముదరక మునుపే గుర్తించినచో దీనికి చికిత్స కలదు. రెండవది అట్లు కాదు. ధనపలకలోని సీసపు చట్రము ఏండ్ల తరబడి తినివేయబడి పెళుసగును. దానిపై పూసిన పదార్థము పొడిపొడిగా రాలి అడుగున చేరును. ఆ మడ్డి పలకల అంచులను తాకెనేని సెల్లు లోలోపలనే ఖర్చయిపోవును. అలసిన ఎద్దునకు మేతయు విశ్రాంతియు ఇచ్చిన అది మఱల కాడి మోయును. పండ్లూడిన ముసలియెద్దునకు ఎంత మేత పెట్టినను పూర్వబలము రాదు. సంతలో రెంటిని ఒకే ధరకు అమ్మజూచువానిని రైతు ఏమనునో అందఱకును తెలియును.

నిజాయితీగల పనివాడు ఈ రెండు ముసలితనములను వేఱుచేయుటతోనే పని మొదలుపెట్టును. మొదట బ్యాటరీని కడిగి, ప్రతి సెల్లు యొక్క వోల్టేజీని, గ్రావిటీని విడివిడిగా వ్రాసికొనును. నీరు తగ్గి పలకలు బయటపడినచో అవి మునుగునంత శుద్ధజలము పోయును. చిన్న కరెంటుతో చాల గంటలు, ఒక్కొక్కసారి దినములతరబడి, నెమ్మదిగా ఛార్జి పెట్టును. వేడి ఎక్కిన ఆపును; చల్లారిన పిదప మఱల మొదలుపెట్టును. గ్రావిటీ ఇక పెరుగకుండ గంటల తరబడి ఒకే అంకెపై నిలుచువఱకు ఓపిక పట్టును. చెడిన సెల్లును తీసి, దానికి ఈడైన సెల్లును వేసి, సీసముతో అతుకును. అటుపిమ్మట అసలైన పరీక్ష చేయును. 500 ఆంపియర్ గంటల బ్యాటరీ యనుకొందము. దాని నుండి 100 ఆంపియర్ల కరెంటును ఎడతెగక తీసికొన్నచో, క్రొత్తదైనపుడు సెల్లు వోల్టేజీ 1.70కు దిగుటకు 5 గంటలు పట్టవలెను. బాగుచేసినది 4 గంటలు నిలిచెనేని దాని శక్తి 80 శాతము. 3 గంటలే నిలిచెనేని 60 శాతము. 80 శాతమునకు దిగిన దానిని నిపుణులు సాధారణముగా సేవాకాలము తీరినదిగా లెక్కింతురు. ఆ అంకెయే బ్యాటరీ యొక్క జాతకము. దానిని కాగితముపై వ్రాసి కొనువాని చేతికిచ్చువాడు కనబడని దానికి సాక్షిగా నిలుచుచున్నాడు.

అసత్యము ఎచ్చట ప్రవేశించునో ఇపుడు తెలియును. ఛార్జి నుండి అప్పుడే తీసిన ముసలి బ్యాటరీయును మీటరుపై నిండు వోల్టేజీ చూపును. తొట్టికి రంగు వేసి, తుప్పు గీకి, బిరడాలు మార్చినచో క్రొత్తదానివలె మెఱయును. ఇంతకన్న సూక్ష్మమైన మోసము మఱియొకటి కలదు. గ్రావిటీ పెరుగని సెల్లులో చిక్కని ఆమ్లమును పోయుదురు. హైడ్రోమీటరు వెంటనే మంచి అంకె చూపును. పలకలలో శక్తి మాత్రము పెరుగదు, పైగా ఆ చిక్కని ఆమ్లమే పలకలను త్వరగా తినివేయును. ఇచ్చట నోటితో అబద్ధమాడినవాడు లేడు. కొలతచేతనే అబద్ధమాడించినారు. కొనువాడు “ఇది ఎన్నాళ్లు వచ్చునండీ?” యని అడుగును. “మీరే కొలిచి చూచుకొనుడు బాబూ” యని అమ్మువాడు హైడ్రోమీటరును వాని చేతికే ఇచ్చును. సత్యమునకు నిలువవలసిన పరికరమును అసత్యమునకు నియోగించుట మాటతో ఆడిన అబద్ధముకన్న ఘోరము. ఏలయన మాటను శంకించువాడు కలడు కాని, తన కన్నులతో చూచిన కొలతను శంకించువాడు అరుదు.

అట్టి బ్యాటరీ కొన్న గోదామున ఏమి జరుగును? ఉదయము బండి చక్కగా నడచును. మధ్యాహ్నమునకే కొమ్ములు మెల్లగా లేచును. సాయంకాలపు లారీ సరకు దింపకయే నిలిచిపోవును. యజమానికి కలుగునది నష్టము. దినకూలిపై వచ్చిన హమాలీకి పోవునది ఆ రాత్రి అన్నము. అమ్మినవాడు వాని ముఖమును ఎన్నడును చూచి యుండడు. అయినను వాని కూలిలో కొంత అమ్మినవాని పెట్టెలో చేరియున్నది.

ఆయదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇచ్చట స్మరింపదగినది. బసవేశ్వరుల మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అక్కఱకు మించినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, నేలపై రాలినదే. అయినను తన కాయకపు కొలతకు మించినదని ఆమె గ్రహించెను. 60 శాతము శక్తిగల బ్యాటరీని 60 శాతముగా చెప్పి అమ్ముట కాయకము. దానినే 90గా చెప్పి అమ్మినపుడు నడుమనున్న 30 శాతము ఆ అదనపు బియ్యము వంటిది. భేదమొక్కటే. ఆ బియ్యమునకు వేఱొక హక్కుదారుడు ఎదురుగా లేడు, ఈ 30 శాతమునకు కలడు.

అమ్మువాడు తానే నమ్మి చెప్పినచో దోషము కలదా యని కొందఱు ప్రశ్నింతురు. ఇది లోతైన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పదగిన చరిత్ర, ఈ సీసపు బ్యాటరీల విషయముననే, అమెరికాదేశమున జరిగినది. కాలిఫోర్నియాకు చెందిన జెస్ రిచీ యను వర్తకుడు ఏడీ-ఎక్స్2 అను పొడిని అమ్ముచుండెను. బ్యాటరీలో వేసినచో పాతది మఱల జీవించునని ఆయన చెప్పెను. అందు ముఖ్యముగా నున్నవి సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. రెండవది భేది ఉప్పుగా అందఱకును తెలిసినదే. వాడి సంతోషించితిమని వ్రాసియిచ్చినవారు చాలమంది యుండిరి. కాని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అను ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షించి, పొడివలన మేలు లేదని చెప్పెను. 1953 మార్చిలో వాణిజ్యశాఖామంత్రి సింక్లెయిర్ వీక్స్ ఆ ప్రయోగశాల అధిపతియైన ఆలన్ ఆస్టిన్‌ను రాజీనామా చేయుమనెను. శాస్త్రజ్ఞులు దేశమంతట నిరసన తెలిపిరి. ఆస్టిన్ పదవియందే నిలిచెను. అదే సంవత్సరమున జాతీయ విజ్ఞాన అకాడమీ నియమించిన సంఘము ప్రయోగశాల పని సరియైనదనియు, ఆ పొడికి గుణము లేదనియు తేల్చెను. ఆస్టిన్ 1969 వఱకు ఆ పదవిలో కొనసాగెను.

మఱి వాడినవారు సంతోషించుట ఎట్లు? పొడితోపాటు ఇచ్చిన సూచనలలోనే రహస్యమున్నది. పొడి వేసిన పిమ్మట బ్యాటరీకి నెమ్మదిగా ఛార్జి పెట్టవలెనని అందు చెప్పబడినది. మెత్తని సల్ఫేటు పట్టిన బ్యాటరీకి ఆ నెమ్మదియైన ఛార్జియే ఔషధము. పొడి వేసినదానిని, వేయనిదానిని ప్రక్కప్రక్కన నుంచి ఒకే తీరున ఛార్జి పెట్టి చూచినగాని ఫలము దేనివలన వచ్చినదో తెలియదు. ప్రయోగశాల అట్లు చూచెను. సంతోషించినవారు అట్లు చూడలేదు. ఓపికకు రావలసిన కీర్తి పొడికి పోయినది.

దీనివలన తెలియునది యేమన, నమ్మకము సత్యమునకు ప్రత్యామ్నాయము కాదు. పరీక్షించు సాధనము చేతిలో నుండగా పరీక్షింపక నమ్మి అమ్మువాడు మోసగాడు కాకపోవచ్చును. కాని వానిని సత్యశుద్ధుడనుట తగదు. ఐదుగంటల పరీక్ష చేయుటకు బద్ధకించి “మంచిదే అనుకొంటిని” అనుట, ఎదుటివాని ధనముతో తన విశ్రాంతిని కొనుక్కొనుట. నేటికిని బ్యాటరీకి ప్రాణము పోయునను పొడులు, ద్రవములు, పెట్టెలు బజారున వచ్చుచున్నవి. కొన్నింటియందు కొంత గుణము ఉండవచ్చును. పొడి లేకుండ నెమ్మదిగా ఛార్జి పెట్టిన జత బ్యాటరీతో పోల్చి చూపుమని అడుగుటకు కొనువానికి హక్కు కలదు. అడుగకముందే చూపుట అమ్మువాని ధర్మము.

“సత్యము చెప్పినచో ఎవడును కొనడు, ప్రక్క దుకాణము వాడు చెప్పుటలేదుగదా” యను మాట ప్రతి వ్యాపారమునందును వినబడును. ఇందు కొంత వాస్తవము లేకపోలేదు. మొదటి కొన్నినెలలు సత్యవాదికి బేరము తగ్గవచ్చును. వానికి ఇల్లు గడువవలెను, పిల్లల ఫీజులు కట్టవలెను. ఆ కష్టమును చిన్నచూపు చూచుట ధర్మోపదేశము కాదు. అయితే 60 శాతము శక్తిగల బ్యాటరీకి లోకమున చోటు లేదనుట సరికాదు. దినమునకు రెండుగంటలు మాత్రమే బండి నడుపు చిన్న కార్ఖానాకు అది చాలును. మూడు పూటలు పనిచేయు గోదామునకు అది చాలదు. అంకె దాచినవాడు దానిని ఎవరికైనను అంటగట్టును. అంకె చెప్పినవాడు దానికి తగిన చోటును వెదకును, తగిన వెలను కట్టును. బీదవానికి తక్కువ వెలకు వస్తువు అందించుట దాసోహభావమునకు దగ్గఱ. బీదవాడు తెలియనివాడని వానికి చెడ్డది అంటగట్టుట దానికి పూర్తిగా ఎదురు.

కొనువానికి కనబడనిది ఒకటి కాగా, ఇరుగుపొరుగునకు కనబడనిది మఱియొకటి కలదు. అది సీసపు విషము. దుమ్ముగా, పొగగా, మడ్డిగా అది శరీరమున చేరును. ఎంత తక్కువైనను హాని లేదనదగిన మేర సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పసిపిల్లల మెదడునకు అది ముఖ్యశత్రువు. ఆఫ్రికాలో సెనెగల్ రాజధాని డకార్ శివారున తియారోయ్-సుర్-మేర్ అను పేట కలదు. అచ్చట పాతబ్యాటరీలను పగులగొట్టు పని చాలకాలము జరిగినందున ఇసుకనిండ సీసము చేరెను. ఆ ఇసుకను జల్లించి సీసమును అమ్ముట బీదకుటుంబములకు ఆదాయమయ్యెను. 2007 నవంబరు నుండి 2008 మార్చి వఱకు ఆ పేటలో 18 మంది చిన్నపిల్లలు చనిపోయిరి. ఆ తల్లులు దుష్టులు కారు. వారి చేతిలోని ఇసుకయందు ఏమున్నదో చెప్పినవారు లేరు.

కావున బాగుచేయువాని కాయకము బ్యాటరీతో ముగియదు. అడుగున తీసిన మడ్డిని మురుగుకాలువలో పోయరాదు. ఆమ్లపు కడుగునీటిని చెఱువువైపు వదలరాదు. పనిబట్టలతో ఇంటికి పోయి బిడ్డ నెత్తుకొనరాదు. ఆమ్లము కలుపునపుడు నీటిలో ఆమ్లమును పోయవలెనే గాని ఆమ్లములో నీటిని పోయరాదు. ఛార్జి పెట్టు గదికి గాలి యాడవలెను; అందు పుట్టు హైడ్రోజను గాలిలో 4 శాతమునకు చేరినచో నిప్పురవ్వకు పేలును. శాసనమును ఈ విషయమున మౌనముగా లేదు. భారతదేశమున 2001లో బ్యాటరీల నిర్వహణకు నియమములు వచ్చెను. వాని స్థానమున 2022లో బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు వచ్చెను. వాని ప్రకారము వ్యర్థబ్యాటరీలను బాగుచేయువారు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావలెను. వాడువారు పాత బ్యాటరీని ఇతర చెత్తతో కలుపరాదు. కాని అధికారి కన్ను చేరని సందులు ప్రతి ఊరను కలవు. ఆ సందులలో పనివాని అంతరంగమే అధికారి.

ఇంత ప్రమాదమున్నపుడు ఈ వృత్తియే వలదనరాదా? అనరాదు. ఉద్ధరింపదగిన బ్యాటరీని రెండేండ్లు అదనముగా నడిపించినచో, ఆ రెండేండ్లు దానిలోని సీసము కొలిమికి పోకుండ నిలుచును. అది లోకమునకు సేవ. అయితే ఉద్ధరింపదగని దానిని బలవంతముగా నడిపించుట సేవ కాదు. అది ఎక్కువ కరెంటు త్రాగి తక్కువ పని చేయును, వేడెక్కును, నడుమ దారిలో ఆగును. అట్టిదానిని చూచి “దీనికి ఇక ఆయువు లేదండీ” యని చెప్పుటయే బాగుచేయువానికి అన్నిటికన్న కష్టమైన మాట. ఆ మాటకు కూలి రాదు. చేతికందిన బేరము పోవును. వీధిలో కరగించువాడు నాలుగు రూపాయలు ఎక్కువ ఇత్తునన్నను, అనుమతి పొందిన శుద్ధికర్మాగారమునకే దానిని పంపవలసివచ్చును. చేతకానితనమువలన ఆ మాట చెప్పువాడు వేఱు, చేతనై కూడ చెప్పువాడు వేఱు. రెండవవాని నోట అది వైద్యుని మాట వంటిది.

ఈ విచారణ గోదాములవారికి మాత్రమే సంబంధించినదని తలపరాదు. కరెంటు పోయిన రాత్రి ఇండ్లయందును మఠములయందును దీపము వెలిగించు ఇన్వర్టరు బ్యాటరీలలో అధికభాగము ఈ సీసపు జాతివే. అది ముసలిదైనపుడు మెకానిక్కును పిలిచి, తక్కువలో ముగింపుమని బేరమాడువారు, ఆ తక్కువ ఎవరి తలపై పడునో ఒక్కసారి అడుగవలెను. బాగుచేసినచో ఎన్నిగంటలు నిలిచినదో కొలిచి వ్రాసియిమ్మనవలెను. బాగుకానిచో పాతది ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనవలెను. సత్యము చెప్పిన మెకానిక్కునకు నాలుగు రూపాయలు ఎక్కువైనను ఇచ్చి పంపవలెను. కొనువారు సత్యమునకు వెల కట్టనిచో అమ్మువారినుండి మాత్రమే సత్యమును కోరుట న్యాయము కాదు.

శరణులు పనిని పూజగా చేసిరి. పూజయందు పత్రి వాడినదా, తాజాదా యని చూచువాడు భక్తుడే. అడుగుటకు వేఱొకడు రాడు. మూతవేసిన సెల్లులోపల మిగిలినది ఎంతయో చూచి, చూచినదానిని చూచినట్లు చెప్పుటయు అట్టిదే.